పార్కుల్లో, చెరువు గట్లపై తారు నడకబాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులోని కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు తమ పార్కులోనో, దగ్గర్లోని చెరువు గట్టు మీదో తారుతో నడకబాట వేయించాలని అనుకున్నప్పుడు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిచ్చాం. బీటీ (తారు) రోడ్డు పనికీ ఈ పనికీ సామగ్రి ఒకటే అయినా, రెండూ చెడిపోయే తీరు వేరు. రోడ్డును బండ్ల బరువు చెడగొడుతుంది; నడకబాటను నీరు, చెట్ల వేర్లు, తవ్వకాలు చెడగొడతాయి. అందుకే ఈ జవాబుల్లో పైకి కనిపించే నల్లని పొర కంటే దాని అడుగున, అంచున జరిగే పని గురించే ఎక్కువగా ఉంటుంది.

పేవర్ బ్లాకులు, సిమెంటు, మొరం ఉండగా తారే ఎందుకు?

అతుకులు లేకుండా సాఫీగా సాగడం తారుబాటకున్న అసలు గుణం. పేవర్ బ్లాకులు వేసిన రోజున ముచ్చటగానే ఉంటాయి గాని, కింద పరిచిన ఇసుక ఒక్కచోట కొట్టుకుపోతే ఒక బ్లాకు కుంగి, పక్కది అర అంగుళం పైకి తేలి, తెల్లవారక ముందే నడకకు వచ్చే పెద్దవారి కాలికి తగులుతుంది. సిమెంటు కాంక్రీటు ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే దానికి కొన్ని మీటర్లకోసారి జాయింటు తప్పదు, పగిలితే బాగుచేయడం కష్టం. మొరం చవక, నీటిని కొంత ఇంకనిస్తుంది, కాని వానాకాలంలో బురద, ఎండాకాలంలో దుమ్ము. మోకాళ్లకు తారు మెత్తన అన్న మాట తరచూ వినిపిస్తుంది. బాగా తొక్కించిన తారుకూ సిమెంటుకూ మధ్య ఉన్న తేడా కంటే, వేసుకున్న బూటు అడుగు వల్ల వచ్చే తేడాయే ఎక్కువ.

తారు అన్నిచోట్లకూ తగదు. 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు, వనస్థలిపురంలోని హరిణ వనస్థలి వంటి అడవుల లోపల మట్టిబాటే సరైనది. నాలుగైదు వందల గజాల చిన్న పార్కులో కూడా చుట్టూ రెండు మీటర్ల తారు పరిస్తే మిగిలేది పార్కు కాదు, నడిమధ్యన కాస్త గడ్డి.

మన ఎండలకు తారు కరిగిపోదా?

కరగదు, మెత్తబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడి 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం నల్లని ఉపరితలం 60 డిగ్రీల దాకా వేడెక్కగలదు. మన దగ్గర ఎక్కువగా వాడే వీజీ-30 రకం తారు మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 47 డిగ్రీలు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 73 చెబుతుంది. అయితే మిశ్రమానికి బలం తారు ఒక్కదాని వల్లే రాదు. ఒకదానితో ఒకటి బిగుసుకున్న కంకర రాళ్ల వల్ల వస్తుంది. కాబట్టి మనిషి అడుగుకు బాట దిగబడదు. దిగబడేది సన్నని మొన మీద నిలిచే బరువు: మే నెల మధ్యాహ్నం సైడ్ స్టాండ్ వేసిన మోటారు సైకిలును సాయంత్రం తీస్తే ఆ చోట రూపాయి బిళ్లంత గుంట మిగులుతుంది. ఇనుప కాళ్ల బెంచీలది కూడా ఇదే కథ. బెంచీలకు, డస్ట్‌బిన్లకు, వ్యాయామ పరికరాలకు బాట పక్కన విడిగా చిన్న సిమెంటు గద్దెలు కట్టించాలి.

వేడి వల్ల అసలు ఇబ్బంది నడిచేవారికే. బాటకు పడమటి వైపున చెట్లుంటే సాయంత్రపు నడకకు ఆ నీడ పనికొస్తుంది.

ఎవరి అనుమతి తీసుకోవాలి?

ముందుగా స్థలం ఎవరిదో తేల్చుకోవాలి. ఆమోదం పొందిన లేఅవుట్‌లో పార్కుగా చూపిన ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థ పేరిట ఉంటుంది. కాలనీవాసులు చందాలు వేసుకున్నా సరే, ఆ సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా అందులో ఏ పనీ మొదలుపెట్టకూడదు. గేటెడ్ సొసైటీ సొంత ఆవరణ అయితే సర్వసభ్య సమావేశ తీర్మానం ఉండటం మేలు. చెట్టును కొట్టాలన్నా, వేరేచోటికి మార్చి నాటాలన్నా 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) వర్తిస్తుంది, అటవీశాఖ అనుమతి కావాలి. చెరువు, కుంట, నాలా పక్కన అయితే నీటిపారుదల శాఖనూ సంప్రదించాలి.

చెరువు చుట్టూ వేసేటప్పుడు ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, ఎక్కడిదాకా ఉందో మొదట అధికారిక పటంలో చూడాలి. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి (జీవో 168) ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. నడకబాట కోసమే అయినా చెరువులో మట్టి పోసి కొంత భాగం పూడ్చడం చెరువును ఆక్రమించడమే అవుతుంది. చెరువుల, ప్రభుత్వ స్థలాల రక్షణకు 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఇలాంటి విషయాల మీదే దృష్టి పెట్టింది. చట్టం సంగతి అటుంచినా, ఎఫ్‌టీఎల్ లోపల వేసిన బాట మునగక తప్పదు; 2020 అక్టోబరు వానలకు చెరువులు పొంగినప్పుడు ఈ హద్దుకున్న అర్థం నగరమంతటికీ తెలిసింది.

కట్ట మీద వేసే బాట విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కట్ట మట్టితో కట్టిన ఆనకట్ట. దాని నడినెత్తిన కేబుల్ కోసమో, కర్బు (అంచురాయి) కోసమో లోతుగా కాలువ తవ్వకూడదు. తూము, అలుగు ఉన్న చోట్ల వాటిని కప్పకుండా, వాటి దగ్గరికి మనిషి వెళ్లగలిగేలా దారి వదలాలి. బాట పైభాగం వాలు నీటివైపు ఉంచితే బయటి వాలు మీద వాననీరు గండ్లు చేయదు. రోలరును కంపనం లేకుండా నడపాలని పని ఒప్పందంలోనే రాయించాలి. కట్ట వాలు మీద పెద్ద చెట్లు నాటకూడదు. అవి చచ్చాక వాటి వేర్లు వదిలిన సొరంగాల్లోంచే నీరు దారి చూసుకుంటుంది.

బాట ఎంత వెడల్పు ఉండాలి?

పాదచారుల సదుపాయాలకు సంబంధించిన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 103 మార్గదర్శకాలు నివాస ప్రాంతపు కాలిబాటకు అడ్డంకులు లేని కనీస వెడల్పుగా 1.8 మీటర్లు సూచిస్తున్నాయి. పార్కుకు అది చాలదని మా అభిప్రాయం. ఇద్దరు మాట్లాడుకుంటూ పక్కపక్కనే నడవడం మన అలవాటు. ఎదురుగా వచ్చేవారు గడ్డిలోకి దిగకుండా ఉండాలంటే 2.5 మీటర్లు కావాలి. స్థలం లేకపోతే 1.8 మీటర్ల బాట వేసి అందరూ ఒకే దిశలో నడిచేలా బాణం గుర్తులు పెట్టుకోవచ్చు. సైకిళ్లనూ అనుమతించేట్లయితే మూడు మీటర్లకు తక్కువ ఉండకూడదు. వీలైతే వాటికి వేరే బాటే మంచిది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు బాటను సైకిళ్ల కోసమే విడిగా కట్టారు.

వాలు ఎంత ఇవ్వాలి?

అడ్డంగా ఒకటిన్నర నుంచి రెండు శాతం, అంటే రెండు మీటర్ల వెడల్పుకు మూడు నాలుగు సెంటీమీటర్లు. అంతకు మించితే వీల్‌చైర్ పక్కకు లాగుతుంది, తగ్గితే నీరు నిలుస్తుంది. నిడివిలో 20 మీటర్లకు ఒక మీటరుకు మించిన ఎత్తు రాకుండా దారి మలపాలి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వంటి గుట్టల ప్రాంతాల్లో అది కుదరనప్పుడు 1:12 వాలుతో ర్యాంపు కట్టి, మధ్యమధ్య సమతలంగా ఆగే చోట్లు, చేతిపట్టు కమ్మీలు ఇవ్వాలి.

కింద ఏ పొర ఎంత మందం వేయాలి?

గట్టి మొరం నేల మీద, మనుషులు మాత్రమే నడిచే బాటకు ఈ వరుస సరిపోతుంది: పై మట్టిని గడ్డితో, వేర్లతో సహా తీసేసి, నేలను 150 మిల్లీమీటర్ల లోతున గుల్లచేసి తడిపి తొక్కించడం, దాని మీద 100 నుంచి 150 మిల్లీమీటర్ల జీఎస్‌బీ (కంకర, మొరం వంటి వాటితో వేసే అడుగు పొర), ఆపైన 75 నుంచి 100 మిల్లీమీటర్ల వెట్ మిక్స్ (నీటితో కలిపి పరిచే కంకర మిశ్రమం), దాని మీద ప్రైమ్ కోటు (కంకర పొర మీద చల్లే పల్చని తారు పూత), చివరగా 30 నుంచి 40 మిల్లీమీటర్ల తారు మిశ్రమం. జీఎస్‌బీనీ వెట్ మిక్స్‌నూ ప్రయోగశాలలో తేలిన గరిష్ఠ సాంద్రతలో 98 శాతం వచ్చేదాకా తొక్కించాలి.

డబ్బు తగ్గించాల్సి వస్తే సంఘాలు సాధారణంగా కింది పొరను తగ్గించి పైపొర మందాన్ని అలాగే ఉంచుతాయి. ఇది తలకిందుల లెక్క. 25 మిల్లీమీటర్ల తారు కూడా మంచి పునాది మీద ఏళ్ల తరబడి నిలుస్తుంది; గుల్ల నేల మీద 50 మిల్లీమీటర్లు వేసినా రెండో వానాకాలానికి పగుళ్లు వస్తాయి.

ఇంకో మాట నిజాయితీగా తేల్చుకోవాలి: బాట మీదికి బండి ఎప్పుడూ రాదా? చెట్లకు నీళ్లు పోసే ట్యాంకరు, చెత్త ఆటో, కొమ్మలు తీసుకెళ్లే ట్రాక్టరు ఏ పార్కుకైనా వస్తాయి. పదివేల లీటర్ల ట్యాంకరులో నీళ్ల బరువే పది టన్నులు. అది నడిచే భాగం వరకైనా వెట్ మిక్స్‌ను 150 మిల్లీమీటర్లకు పెంచి, పైపొర కింద 50 మిల్లీమీటర్ల డీబీఎం (దట్టమైన తారు, కంకర మిశ్రమం) వేయించాలి.

మా కాలనీలో నల్లరేగడి నేల ఉంది. ఏం చేయాలి?

నగరంలో ఎక్కువ భాగం గ్రానైటు శిల శిథిలమై ఏర్పడిన మొరం నేల. అది బాటకు అనుకూలం. నల్లరేగడి మాత్రం తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుని, నిలువునా నెర్రెలు ఇస్తుంది. దాన్ని 300 నుంచి 500 మిల్లీమీటర్ల లోతు తీసేసి మొరంతో నింపడం తెలిసిన పద్ధతి. సున్నం కలిపి స్థిరపరచడం మరో పద్ధతి. రెండింటిలోనూ మట్టికీ జీఎస్‌బీకీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే బంకమట్టి కంకరలోకి ఎక్కదు.

నల్లరేగడి కంటే మోసకారి నేల పూడ్చిన నేల. పాత కుంటనో, రాతి క్వారీ గుంతనో కూల్చిన ఇళ్ల శిథిలాలతో నింపిన చోట పైకి గట్టిగానే కనిపిస్తుంది. బాట వెంట అక్కడక్కడా మీటరు లోతు గుంతలు తవ్వించి చూడటానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

చెట్ల వేర్లు బాటను లేపకుండా ఏం చేయాలి?

పూర్తిగా ఆపలేం, ఆలస్యం చేయగలం. తారు కింద వెట్ మిక్స్‌కూ మట్టికీ మధ్య తేమ నిలుస్తుంది. పై నుంచి ఆవిరై పోయే దారి ఉండదు కనుక వేర్లు ఆ తేమను వెతుక్కుంటూ అక్కడికే చేరతాయి. గుల్మొహర్, పచ్చ తురాయి, నిద్రగన్నేరు, రావి, మర్రి ఇలాంటివి. వాటి పైవేర్లు బలంగా, నేలకు దగ్గరగా పాకుతాయి.

ఉన్న చెట్టు దగ్గర సరళమైన ఉపాయం బాటను వంచడమే. పెద్ద చెట్టు మొదలు నుంచి కనీసం రెండు మూడు మీటర్లు దూరం జరపాలి. అది కుదరకపోతే తవ్వడం మాని, ఉన్న నేల మీదే జియోటెక్స్‌టైల్ పరిచి, పెద్ద కంకర పొర పోసి, బాటను కాస్త ఎత్తు చేసి దాటించాలి. బొటనవేలి కంటే లావైన వేరును నరకవద్దు. ఒకవైపు వేర్లన్నీ నరికిన చెట్టు మరుసటి గాలివానకు బాటకు అడ్డంగానే పడుతుంది. కొత్తగా నాటే మొక్కలకు, బాటకు మధ్య 600 మిల్లీమీటర్ల లోతుకు దళసరి ప్లాస్టిక్ పలకను నిలువుగా పాతితే వేర్లు కిందికి మళ్లుతాయి. మొదలు చుట్టూ సిమెంటు గద్దె బిగించి కట్టడం మన పార్కుల్లో మామూలైపోయింది; దానివల్ల చెట్టుకూ బాటకూ ఇద్దరికీ నష్టమే.

నీరు పోవడానికి ఏ ఏర్పాటు కావాలి?

బాట చుట్టుపక్కల నేల కంటే కొద్దిగా ఎత్తులో ఉండాలి. చాలాచోట్ల జరిగేది దీనికి విరుద్ధం: బాట వేశాక పచ్చిక కోసం ఎర్రమట్టి తెచ్చి పోస్తారు, పచ్చిక ఎత్తై బాట కాలువ అవుతుంది. రెండు వైపులా నిలువు కర్బురాళ్లు పెడితే ఆ కాలువకు గోడలు కూడా కట్టినట్టే. కర్బు పెట్టాలనుకుంటే ఒకవైపే పెట్టాలి, లేదా దాని పైఅంచు తారుతో సమానంగా ఉండేలా పాతాలి. అంచుకు ఏదో ఒక ఆసరా మాత్రం తప్పనిసరి. కింది కంకర పొరలను తారు అంచు దాటి ఇరువైపులా 150 మిల్లీమీటర్లు పొడిగించకపోతే, అంచు బిస్కెట్టులా విరుగుతూ వస్తుంది.

పై నుంచి నీరు దిగే వాలుకు బాట అడ్డం పడితే, ఎగువన లోతు తక్కువ గడ్డి కాలువ తీసి, పల్లపు చోట బాట కింద పైపు వేయాలి. పైపు 300 మిల్లీమీటర్లకు తగ్గితే ఆకులతో పూడుకుపోతుంది, శుభ్రం చేయడమూ కుదరదు. ఇదే అదనుగా భవిష్యత్తులో విద్యుత్ తీగలకు, డ్రిప్ గొట్టాలకు పనికొచ్చేలా ప్రతి 50 మీటర్లకు ఒక ఖాళీ పీవీసీ పైపును అడ్డంగా పాతిపెట్టి, దాని చోటును కర్బు మీద గుర్తించి ఉంచాలి.

ఏ రకం తారు, ఏ మిశ్రమం అడగాలి?

వీజీ-30 తారుతో, 13.2 మిల్లీమీటర్ల కంకర ఉండే బిటుమినస్ కాంక్రీట్ రెండో శ్రేణి సరిపోతుంది. ఇంకా నున్నగా కావాలంటే 10 మిల్లీమీటర్ల కంకరతో సెమీ డెన్స్ రకం వాడవచ్చు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన చిక్కు ఒకటుంది. హైదరాబాదు చుట్టుపక్కల క్రషర్ల నుంచి వచ్చేది ఎక్కువగా గ్రానైటు కంకర. గట్టిదనంలో దానికి వంక పెట్టలేం గాని, సిలికా ఎక్కువగా ఉన్న ఆ రాయికి తారు కంటే నీరంటేనే ఇష్టం. నీరు నిలిస్తే తారు పూత రాయిని వదిలేస్తుంది. ఐఎస్ 6241 పరీక్షలో నీటిలో నానిన తరువాత కూడా కనీసం 95 శాతం పూత నిలవాలి. నిలవకపోతే మిశ్రమంలో రెండు శాతం హైడ్రేటెడ్ సున్నం గాని, పూత ఊడకుండా చేసే రసాయనం గాని కలపాలి. ఈ పరీక్షా పత్రం అడిగే సంఘాలు తక్కువ, అడిగి తీసుకోండి.

మరో తేడా కూడా గుర్తుంచుకోవాలి. రోడ్డు మీద రోలరు వదిలేసిన లోటును తరువాత తిరిగే బండ్లు కొంత పూడుస్తాయి. నడకబాటకు ఆ అవకాశం లేదు. రోలరు తొక్కినంతే దాని గట్టితనం. గుల్లగా మిగిలిన మిశ్రమంలోకి గాలి చొరబడి తారును పెళుసు చేస్తుంది.

పని ఏ నెలల్లో పెట్టుకోవాలి? సామగ్రి ఎంత పడుతుంది?

అక్టోబరు వానలు వెనక్కి తగ్గాక నేలలో ఇంకా తేమ ఉండగా మట్టిపని, జీఎస్‌బీ ముగించి, డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య తారు వేయడం అనువైన వరుస. జూన్ దాటాక మొదలుపెట్టవద్దు.

లెక్కకు ఒక ఉదాహరణ: 500 మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న బాటకు 40 ఘనమీటర్ల మిశ్రమం, అంటే సుమారు 94 టన్నులు పడుతుంది. లారీల వేబ్రిడ్జి చీటీలు దాచుకోండి. మొత్తం 70 టన్నులే వచ్చి ఉంటే, మీకు దక్కిన సగటు మందం 30 మిల్లీమీటర్లే.

తారు వేసే రోజు మేం ఏం గమనించాలి?

ముందు రోజే ప్రైమ్ కోటు పడి ఉండాలి. వెట్ మిక్స్ మీద దుమ్మును ఊదేసి, చదరపు మీటరుకు 0.7 నుంచి ఒక కిలో ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) చల్లి, 24 గంటలు వదలాలి. ఇంకా జిగటగా ఉండి చెప్పుకు అంటుకుంటుంటే ఆరలేదన్న మాట.

మిశ్రమం ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల మధ్య తయారవుతుంది. పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలి, 90కి పడిపోకముందే రోలింగ్ పూర్తికావాలి. ప్లాంట్లు ఊరి చివర ఉంటాయి, నగరంలో పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి, కాబట్టి లారీ తరచూ రాత్రివేళ వస్తుంది. చలికాలపు రాత్రి 30 మిల్లీమీటర్ల పల్చని పొర నిమిషాల్లో చల్లారుతుంది. టార్పాలిన్ కప్పని లారీని వెనక్కి పంపే హక్కును ఒప్పందంలో రాసుకోండి. డయల్ థర్మామీటరు ఒకటి కొని లారీలో గుచ్చి చూడటం కష్టమేమీ కాదు. అది లేకున్నా కన్ను కొంత చెబుతుంది: లారీ నుంచి నీలిపొగ దట్టంగా లేస్తే తారు మాడింది, మిశ్రమం గడ్డలుగా, కాంతి లేకుండా పడితే చల్లారింది, జారుతూ అతిగా మెరిస్తే తారు ఎక్కువైంది. రోడ్డు పక్కన డ్రమ్ములో తారు మరిగించి, పారలతో కంకర కలిపే పనిని నడకబాటకు కూడా ఒప్పుకోవద్దు.

సాధారణ పేవర్ యంత్రం వెడల్పు సుమారు 2.5 మీటర్లు, అంతకు ఇరుకైన బాటకు చిన్న పేవర్ దొరక్కపోతే చేత్తో పరచక తప్పదు. అప్పుడు పారతో దూరంగా విసరకుండా చూడాలి. విసిరితే పెద్ద రాళ్లు ఒకవైపు, సన్నవి ఒకవైపు చేరతాయి. రోలరు ఒకటి నుంచి మూడు టన్నులది చాలు. పది టన్నుల రోడ్డు రోలరు ఇరుకు బాటలో అంచులను తొక్కి విరుస్తుంది, కింది నీటి గొట్టాలను కూడా.

బిల్లు చెల్లించే ముందు ఒక ట్యాంకరు నీళ్లు తెప్పించి బాటంతా పారించండి. గంట తరువాత నీరు నిలిచిన చోట్లను సుద్దతో చుట్టి గుర్తుపెట్టి, సరిచేయించండి.

పాత పేవర్ బ్లాకుల మీద నేరుగా తారు పోయవచ్చా?

వద్దు. కదిలే పునాది మీద ఏ పొరా నిలవదు. బ్లాకులు తీసేసి, ఇసుకను తొలగించి, వెట్ మిక్స్ వేయాలి. పాత సిమెంటు బాట గట్టిగా ఉంటే టాక్ కోటు (పై పొర అతుక్కోవడానికి వేసే పల్చని తారు పూత) చల్లి పైన తారు వేయవచ్చు గాని, కింది జాయింట్లు కొన్నాళ్లకు పైకి పగుళ్లుగా తేలుతాయని తెలిసే వేయాలి.

నీటిని ఇంకించే తారు మన దగ్గర పనిచేస్తుందా?

సన్న రేణువులు తగ్గించి, 16 నుంచి 22 శాతం ఖాళీలు ఉంచి చేసే ఈ మిశ్రమం సూత్రరీత్యా మంచిదే. మన నగరపు దుమ్ముకు ఆ రంధ్రాలు పూడుకుపోతాయి. వాటిని తరచూ యంత్రంతో పీల్చి శుభ్రం చేసే ఏర్పాటు లేకపోతే మామూలు తారుతో సమానమే అవుతుంది. మామూలు బాట వేసి, నీటిని పక్కన ఇంకుడు గుంతకు మళ్లించడమే మా సలహా.

ప్లాస్టిక్ వ్యర్థాలు కలిపిన తారు వాడవచ్చా?

వాడవచ్చు. మదురైకి చెందిన ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ రూపొందించిన పొడి పద్ధతిలో, ముక్కలు చేసిన ప్లాస్టిక్‌ను వేడి కంకర మీద పూతగా పట్టించి ఆ తరువాత తారు కలుపుతారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఐఆర్‌సీ 2013లో దీనికి మార్గదర్శకాలు వెలువరించింది. పీవీసీ మాత్రం కలపకూడదు, వేడికి విషవాయువులు వస్తాయి. పని ప్లాంటులోనే జరగాలి.

ద్విచక్ర వాహనాలు రాకుండా ఎలా ఆపాలి?

స్తంభాలతో పూర్తిగా ఆపలేం. వీల్‌చైర్‌కు కనీసం 900 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో స్కూటరు కూడా పడుతుంది. వీల్‌చైర్‌ను బలి ఇచ్చి స్కూటరును ఆపడం సరికాదు. గేటు ముందు పార్కింగుకు వేరే చోటు చూపించడం, కాపలా ఉంచడం స్తంభాల కంటే బాగా పనిచేస్తాయి.

ఎప్పటి నుంచి నడవవచ్చు? గుర్తులు ఎప్పుడు వేయాలి?

మరుసటి రోజు ఉదయం నుంచి నడవవచ్చు. రంగు గుర్తులకు రెండు మూడు వారాలు ఆగాలి, లేకుంటే పైకి తేలే నూనె వల్ల రంగు ఊడుతుంది. బాట మొత్తానికి రంగు పూయడం మాత్రం మానుకోండి, తడిస్తే జారుతుంది.

తరువాత నిర్వహణ ఏముంటుంది?

ఏడాదికి రెండుసార్లు, జూన్‌కు ముందు ఒకసారి, అక్టోబరు తరువాత ఒకసారి, బాటంతా తిరిగి చూడాలి. మూడు మిల్లీమీటర్లు దాటిన పగుళ్లను ఊది శుభ్రంచేసి ఎమల్షన్‌తో నింపాలి. అంచుల్లో మట్టి జారిన చోట మొరం పోసి అదమాలి. నాలుగైదేళ్లకు ఉపరితలం బూడిదరంగుకు తిరిగి, సన్న రేణువులు చేతికి రాలుతుంటే పల్చని సీల్ కోటు వేయించాలి.

తవ్వకాల విషయంలో కఠినంగా ఉండాలి. కేబుల్ కోసమో గొట్టం కోసమో ఎవరు కోసినా, యంత్రంతో నిటారుగా, చతురస్రంగా కోయాలి. మట్టిని పొరలు పొరలుగా తడిపి తొక్కించాలి. వెట్ మిక్స్ మళ్లీ వేసి, కోసిన అంచులకు టాక్ కోటు పూసి, హాట్ మిక్స్‌తో మూయాలి. ఈ షరతులన్నీ రాసిన కాగితం మీద సంతకం తీసుకుని, కొంత డిపాజిట్ కట్టించుకున్న తరువాతే తవ్వనివ్వాలి. ఆ డిపాజిట్‌ను ఒక వానాకాలం గడిచి, ఆ అతుకు కుంగలేదని చూసుకున్నాకే తిరిగి ఇవ్వాలి.